ముందు దిగవలసిన లారీ

నౌకాదళపు సరుకుల రేవులో, ఏడో నంబరు షెడ్డులో, ఒక పొడవాటి బల్ల ఉండేది. చూసేవారికి అది బల్ల. లోడు మాస్టారికి అది సామ్రాజ్యం. దాని మీది కొయ్య దిమ్మలే ఆయన ప్రజలు. ఎర్రవి లారీలు, పచ్చవి జీపులు, నల్లవి ఇనుప సామాను, తెల్లవి మందులు. ఓడ కడుపులో ఏది ఎక్కడ కూర్చోవాలో, ఏది దేనికి ఆనుకోవాలో, ఏది దేని తరవాత దిగాలో నిర్ణయించే సర్వాధికారం ముప్పయ్యొక్క సంవత్సరాలుగా ఆయనదే. యుద్ధనౌకలకు ఫిరంగులుంటాయి, కాదనము. అయితే ఒడ్డున దిగిన సైనికుడికి మొదట ఫిరంగి కావాలా, గుండ్లు కావాలా, అన్నం గిన్నె కావాలా అన్న ధర్మసూక్ష్మం ఫిరంగికి తెలియదు. మాస్టారికి తెలుసు.

ఆయన శాస్త్రంలో సూత్రాలు రెండే. ఒంటి నోటి ఓడలో, అంటే తలుపు తోకవైపు మాత్రమే ఉన్న ఓడలో, ముందు కావలసినది చివర ఎక్కాలి. రెండు నోళ్ళ ఓడలో, అంటే తోకవైపు ఎక్కి ముక్కువైపు దిగే ఓడలో, ముందు కావలసినది ముందే ఎక్కాలి. "ఇంతేనా?" అన్నవారిని మాస్టారు జాలిగా చూసి, ఒక ఎర్ర దిమ్మను అర అంగుళం జరిపేవారు. ఆ అర అంగుళంలోనే ఉంది అంతా. ఆయన సర్దిన ఓడలో లారీకీ లారీకీ నడుమ చెయ్యి పడుతుంది, మనిషి పట్టడు. ఆ సందుకు రేవంతటా 'మాస్టారి జానెడు' అని పేరు. ఇంతటి శాస్త్రవేత్త ఒక్కసారైనా సముద్రం మీదికి వెళ్ళిన పాపాన పోలేదన్న సంగతిని మాత్రం లోకం మర్యాదకొద్దీ మరచిపోయింది. తిరిగే కుర్చీ రెండు చుట్లు తిరిగితేనే ఆయనకు కడుపులో దేవేది.

ఈ మహాశాస్త్రానికి పునాది ఒక సంతకం. చిన్ననాడే అమ్మానాన్నలు పోతే మాస్టారిని పెంచింది ఏడేళ్ళు పెద్దదైన అక్క. ఆయనకు పదమూడో ఏట లెక్కల్లో నూటికి పదకొండు వచ్చాయి. నర్సు పనిలో కొత్తగా చేరిన అక్క ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ప్రోగ్రెస్ కార్డును కంచం పక్కన పెట్టి, తాను తలుపు చాటున నిలబడ్డారు. అక్క సంతకం చేసింది. పల్లెత్తు మాట అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు, నిట్టూర్చనైనా లేదు. "చూసింది, చూసి కూడా నన్నేమీ అనలేదు" అనుకున్నారు బాల మాస్టారు. ఆ మౌనం ముందు వంద బెత్తం దెబ్బలు దిగదుడుపు. మరుసటి రోజునుంచి అంకెల మీద పడ్డ మనిషి ఇప్పటికీ లేవలేదు.

షెడ్డులో ఇంకొక ఆచారం కూడా ఉండేది. ప్రతి సోమవారం పెద్ద కార్యాలయం నుంచి కాగితాల కట్ట ఒకటి వచ్చేది. ప్రతి కాగితం అడుగునా 'చూశాను' అని రాసి పొడి సంతకం పెట్టి పంపాలి. మెట్లు తడిగా ఉన్నప్పుడు జారుతాయన్న హెచ్చరిక, పాత చీపుళ్ళు తిరిగి అప్పగించే పద్ధతి, ఎవరో పెద్దాయన గొడుగు పోయిందన్న ప్రకటన, ఇలాంటి నలభై మహాకావ్యాలు. టీ చల్లారేలోగా మాస్టారు నలభైయింటినీ చూసేసేవారు. అంటే, నలభై సార్లు 'చూశాను' అని రాసేవారు. ఆయనే కాదు, రేవులో అందరూ అలాగే చూసేవారు. ఆ రాజ్యంలో చూడటమనేది చేతితో చేసే పని.

ఇలా ఉండగా తుపాను వచ్చింది.

దూరాన ఉన్న ఒక దీవిని మూడు గంటల్లో ముంచి పోయింది. ఓడలు ఆగే ధక్కా కొట్టుకుపోయింది. మంచినీళ్ళ బావుల్లో సముద్రం చేరింది. ఆ దీవి ఆసుపత్రిలో హెడ్ నర్సు మాస్టారి అక్కే. వైర్‌లెస్‌లో వచ్చిన కబురు రెండు వాక్యాలు: "డెబ్భైమంది రోగులు, అందులో పదకొండు మంది పసిపిల్లలు. ట్యాంకులో నీళ్ళు మూడు రోజులకే."

పదకొండు అన్న అంకె మాస్టారి గుండెలో ముల్లులా దిగింది.

ధక్కా లేని దీవికి మామూలు ఓడ పనికిరాదు. అడుగు చదునుగా ఉండి, ముక్కును ఇసుకలో ఆనించి నిలబడగల సైనిక ఓడ కావాలి. ఉన్న ఒక్క మంచి ఓడ మరమ్మతులో ఉంది. దిక్కులేక దాని అక్కలాంటి ముసలి ఓడను రేవులోకి లాక్కొచ్చారు. నావికులు దాన్ని ముద్దుగా 'ముసలమ్మ' అనేవారు. మాస్టారు బీరువాలోంచి దాని నక్షా తీశారు. తోక తలుపు, ముక్కు తలుపు, రెండూ దర్జాగా గీసి ఉన్నాయి. రెండు నోళ్ళ ఓడ. రెండో సూత్రం.

కాబట్టి సముద్రపు నీటిని మంచినీరు చేసే పెద్ద లారీ అందరికంటే ముందు తోక తలుపులోంచి ఎక్కి, ముక్కు తలుపు దాకా వెళ్ళి, తలుపుకు ముఖం ఆనించి నిలబడింది. ఇసుక తగలగానే తలుపు తెరుచుకుంటుంది, లారీ దూకుతుంది, అక్క నీళ్ళు తాగుతుంది. దాని వెనక జనరేటర్లు, మందులు, బుల్డోజరు, రేకులు, తాళ్ళు. అన్నిటికీ చివర, ఉపన్యాస వేదిక ఒకటి, ఎర్ర తివాచీ ఒకటి, ఎర్ర మెత్తల కుర్చీలు రెండు వందలు ఎక్కాయి. సహాయాన్ని ఎవరో ప్రముఖుడు హెలికాప్టరులో వచ్చి లాంఛనంగా అప్పగిస్తాడట. ఉపన్యాసం ఎంత ఆలస్యంగా దిగితే ప్రజలకు అంత మేలన్నది మాస్టారి రహస్య సిద్ధాంతం.

ఆఖరి గొలుసు బిగించాక మాస్టారు చేతిసంచీ పట్టుకుని తానూ ఓడెక్కారు. ఓడ సరంగు, అంటే నావికుల మేస్త్రీ, నోరు తెరిచాడు.

"మాస్టారూ! మీరా? రేవు మునిగిపోతోందా ఏంటి?"

"అక్క అక్కడుంది."

"అయితే బకెట్ తెచ్చుకున్నారా?"

"నీళ్ళ లారీ ఉందిగా, బకెట్లెందుకు?"

"నీళ్ళక్కాదు లెండి," అన్నాడు సరంగు గౌరవంగా.

ఆ బకెట్‌తో మాస్టారికి ఒక పగలూ ఒక రాత్రీ ఏర్పడిన స్నేహాన్ని వర్ణించడం మర్యాద కాదు. మరునాటి ఉదయం, దీవి ఇంకా మూడు గంటల దూరం ఉందనగా, కాళ్ళు కాస్త నిలబడ్డాయి. లారీని ఒకసారి చూసుకోవాలనిపించింది. కిందికి దిగారు. నడవడానికి దారి లేదు. దారి లేకుండా సర్దినవారు తామే. చొక్కా నల్లబడేలా నలభై బండ్ల కింద పాకి ముక్కు చేరారు. లారీకి ఏ దెబ్బా తగలలేదు. తృప్తిగా చెయ్యి చాచి ముక్కు తలుపును తట్టారు.

తలుపుకూ గోడకూ మధ్య ఉండవలసిన సందు వేలికి తగలలేదు.

దాని బదులు వేలెడు లావున ఒక ఇనుప కుట్టు తగిలింది. బూడిద రంగు కింద అది అడుగునుంచి పైదాకా, పైనుంచి అవతలి అడుగుదాకా, ఎక్కడా తెగకుండా పోయింది. మాస్టారు దాని వెంట వేలు నడిపించారు. మళ్ళీ నడిపించారు. లోకంలో ఏ తలుపుకూ లేని గుణం ఒకటి ఆ తలుపుకు ఉంది: అది గోడ.

మాస్టారికి చెమటలు పట్టలేదు. ఉన్న చెమట కూడా ఆరిపోయింది. చెవుల్లో హోరు ఓడదో తనదో తెలియలేదు.

"సరంగూ!" అన్న కేక ఓడంతా మోగింది. కాసేపటికి పైన గాలి కంతలోంచి సరంగు గొంతు దిగింది.

"ఏంటి మాస్టారూ, పాము గానీ దూరిందా?"

"ఇదేంటయ్యా?"

"ఏది?"

"ఇది! ఈ తలుపు!"

"ఓ అదా! అతికేశారుగా. ఆరేళ్ళయింది. ముసలమ్మ నోట్లోంచి నీళ్ళు కారుతున్నాయని కుట్టేశారు. ఇప్పుడు వెనకనుంచే అన్నీ."

"ఆరేళ్ళా..." అన్నారు మాస్టారు. "మరి లారీని ముందు ఎక్కిస్తుంటే చూస్తూ ఊరుకున్నావేం? నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?"

సరంగు నొచ్చుకున్నాడు. "మాకూ అనుమానమొచ్చింది మాస్టారూ. మావాడొకడు మిమ్మల్ని అడగబోయాడు కూడా. నేనే రెక్క పట్టుకుని ఆపాను. 'ఒరే, ఆయనెవరనుకున్నావు? మన బుర్రకందని లెక్కేదో ఉండే ఉంటుంది, నోరు మూసుకో' అన్నాను."

కీర్తి అనేది ఎంత బరువైన సరుకో, ముప్పయ్యొక్క ఏళ్ళు బరువులు తూచిన మనిషికి అప్పుడు తెలిసింది.

పైన కెప్టెన్ గదిలో రెండో పిడుగు సిద్ధంగా ఉంది. కెప్టెన్ చిన్నవాడు, మర్యాదస్తుడు. మాస్టారి మాటలు విని ఓ ఫైలు తీసి ముందు పెట్టాడు. ముక్కు తలుపు శాశ్వతంగా మూసివేయడమైనది, ఇకపై సరుకు సర్దేవారు గమనించగలరు, అని స్పష్టంగా, వ్యాకరణ దోషం కూడా లేకుండా రాసి ఉంది. అడుగున 'చూశాను.' దాని పక్కన, తోక పైకి లేపిన బల్లిలాంటి ఒక పొడి సంతకం. పక్కనే గుండ్రటి టీ మరక.

అది ఎవరిదని అడిగే అవసరం లేని సంతకం.

"మీకు తెలుసనే అనుకున్నామండీ," అన్నాడు కెప్టెన్ నేల చూస్తూ.

మాస్టారు తన కుడిచేతిని బల్ల మీద పెట్టి, పరాయివాడి చేతిని చూసినట్టు చూశారు. ఈ చెయ్యి ఆరేళ్ళ కిందటే చూసింది. యజమానికి చెప్పలేదు, అంతే.

"తలుపు కోసేస్తే?"

"గ్యాస్ కట్టరుంది, కోయొచ్చు. కోశాక పోటు వస్తే నీళ్ళు లోపలికొస్తాయి. ముందు తడిసేది మీ లారీయే."

"సరుకు అటూ ఇటూ జరిపి దారి చేస్తే?"

ఆ ఓడలో జరపడానికి చోటంటూ ఉన్నది ఒక్క జానెడు. అది మాస్టారిదే.

మిగిలింది ఒకటే దారి. ఓడ ముక్కు ఇసుకలో ఆనించాలి. దీవిలో బతికి బయటపడ్డ పంటు, అంటే బండ్లను దాటించే చదును పడవ, ఒకటి ఉంది. అది తోక తలుపు దగ్గరికి వచ్చి ఒక్కొక్క బండినే ఒడ్డుకు చేరవేయాలి. ఒక్కో తడవకు అరగంట. లారీ వంతు నలభై ఒకటోది. దారి గుర్తులన్నీ తుపానులో పోయాయి గనక పంటు నడిచేది వెలుతురు ఉన్నంతసేపే. మాస్టారు కాగితం లేకుండానే లెక్క కట్టారు: ఎల్లుండి పొద్దున. అక్క ట్యాంకు: ఇవాళ సాయంత్రం. జీవితంలో మొదటిసారి తన లెక్క తప్పయితే బాగుండునని ఆయన కోరుకున్నారు. తప్పు కాలేదు.

ఓడ ముక్కు ఇసుకలో ఆనినప్పుడు ఒడ్డున ఊరంతా ఉంది. బకెట్లు, డబ్బాలు, సీసాలు, ఒకామె చేతిలో పూలకుండీ. ఎవరి పెదవులు చూసినా తెల్లగా పగిలి ఉన్నాయి. ఓడను చూసి చప్పట్లు కొట్టారు. అందరూ ముక్కు తలుపు వంకే చూస్తున్నారు. ఆ తలుపు తెరుచుకుంటుందని నమ్మిన తోటివారు తనకు అంతమంది ఉన్నందుకు మాస్టారికి ఏడుపొచ్చింది.

ఓడ వెనకనుంచి పంటు చుట్టు తిరిగి ఒడ్డుకు వచ్చింది. దాని మీద వేదిక, చుట్టిన ఎర్ర తివాచీ, ఎండలో మెరిసిపోతున్న రెండు వందల కుర్చీలు.

చప్పట్లు ఆగిపోయాయి. చివరికొక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"మంచిదే నాయనా. ఇన్నాళ్ళూ నిలబడి దాహంతో ఉన్నాం. ఇప్పుడు కూర్చుని ఉంటాం."

సరిగ్గా అప్పుడే కెప్టెన్ గదిలో వైర్‌లెస్ గరగరలాడింది. స్పీకరు అందరికీ వినబడేదే.

"ఒరేయ్ చిట్టీ! ఉన్నావా?"

పరుగున వెళ్ళి మైకు అందుకున్న యాభై రెండేళ్ళ లోడు మాస్టారు నావికులందరి ముందు చిట్టి అయిపోయారు. "ఉన్నానక్కా."

"మేడ మీంచి చూస్తున్నా. కుర్చీలేంట్రా? పెళ్ళికొచ్చావా? నీళ్ళ లారీ ఏదీ?"

"ముక్కు దగ్గరుందక్కా. ఇరుక్కుపోయింది. దిగాలంటే... ఎల్లుండి."

స్పీకరులో గరగర తప్ప ఏమీ వినబడలేదు. ఆ మౌనం మాస్టారికి పాత పరిచయం. ముప్పైతొమ్మిదేళ్ళ కిందట తలుపు చాటున విన్నదే. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"చెడిపోయిందా?" అంది అక్క.

"లేదక్కా, బంగారంలా ఉంది."

"నడిపేవాడున్నాడా?"

"ఓడలోనే ఉన్నాడు."

"చుట్టూ సముద్రముందా?"

"అదేంటక్కా, ఉందిగా!"

"మరి దాన్ని దింపడమెందుకురా? మేమేమన్నా లారీని తాగుతామా? అక్కడే తిప్పించు, గొట్టం ఇటు పడెయ్! పిల్లలకి నాలుక పిడచకట్టుకు పోతోంటే ఎల్లుండంట ఎల్లుండి!"

కెప్టెన్ సరంగును చూశాడు. సరంగు మాస్టారిని చూశాడు. మాస్టారు ఎవరినీ చూడలేదు. సరుకనేది ఎక్కుతుంది, దిగుతుంది. దిగకుండా పనిచేస్తుందన్న ఊహ ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆ బల్ల చుట్టుపక్కలకు రాలేదు. అన్ని సంవత్సరాల శాస్త్రమూ ఒక్క నర్సు ప్రశ్న ముందు నోరెళ్ళబెట్టి నిలబడింది.

ఆ తరవాత ఎవరూ నిలబడలేదు. లారీ పొగ బయటికి పోయేలా గాలి పంకాలన్నీ తిప్పారు. నిప్పులార్పే పంపుతో సముద్రపు నీరు తోడి గాలి కంతలోంచి లారీకి అందించారు. మంచినీళ్ళ గొట్టమూ ఆ కంతలోంచే పైకి పోవచ్చుననుకుంటే, రెండింటికి అది చాలలేదు. దాన్ని ముక్కు దగ్గరినుంచి తోకదాకా బండ్ల నడుమ లాక్కొచ్చి, మెట్ల మీదుగా పైకెక్కించి, మళ్ళీ ఓడ పొడవునా ముక్కు మీంచి ఒడ్డుకు వదలాలి.

"ఎవడు దూరతాడు ఆ సందుల్లో?" అన్నాడు సరంగు.

"నేను," అన్నారు మాస్టారు.

మాస్టారి జానెడులో మనిషి పట్టడని ముందే మనవి చేశాము. గొట్టం పట్టింది. అమర్చినట్టు, కొలత తీసి కోసినట్టు పట్టింది. మనిషి మాత్రం బండ్ల కింద బోర్లా పాకాడు. ఏ ఇరుసు ఎంత ఎత్తో, ఏ గొలుసు ఎటు పోతుందో చీకట్లోనూ తెలిసిన మనిషి భూప్రపంచంలో ఆయన ఒక్కరే. మోచేతులు కొట్టుకుపోయాయి. తల రెండుసార్లు ఇనుముకు తగిలింది. నోట్లో గ్రీజు రుచి. ఓడ ఊగుతున్నా కడుపులో దేవిన సంగతి గుర్తుకు రాలేదు.

మొదటి అరగంట గొట్టం కడిగిన నీళ్ళు ఇసుకలో పోశారు. అటు పారుతున్న ధారను ఆశ ఆపుకోలేని కళ్ళతో చూస్తూ కూడా జనం వరుస తప్పలేదు. అప్పుడు అక్క పళ్ళేల మీద గ్లాసులు పెట్టించుకుని వచ్చి, మొదటి గ్లాసు తానే తాగి, రెండు నిమిషాలు ఆగి, తల ఊపింది. తొలి పది డబ్బాలు పసిపిల్లల వార్డుకు వెళ్ళాయి. నడవలేని రోగులను తెచ్చి ఎర్ర కుర్చీల్లో వరుసగా కూర్చోబెట్టారు. తివాచీ తడి ఇసుక మీద పరిచారు, ముసలివాళ్ళ కాళ్ళు జారకుండా. ఉపన్యాస వేదిక ఎత్తుగా ఉంది గనక గొట్టం చివరను దానికే కట్టారు. అంత ఉపయోగకరమైన ధార ఏ వేదిక మీదినుంచీ పారి ఉండదు.

పొద్దు వాలుతుండగా అక్క, సరంగు నోట తలుపు కథ విని, వచ్చి మాస్టారి పక్క కుర్చీలో కూలబడింది. ఆయన ముఖం మీద గ్రీజును కొంగుతో తుడవబోయి, కొంగే పాడవుతుందని మానుకుంది.

"ఎవడ్రా ఆ తలుపు కుట్టిన సంగతి చూసుకోకుండా ఓడ నింపింది? వాణ్ణి నాకు చూపించు, చెబుతాను."

మాస్టారు కెప్టెన్ ఫైల్లోంచి తెచ్చుకున్న ఆ కాగితాన్ని జేబులోంచి తీసి ఇచ్చారు. అబద్ధానికి బలం చాలలేదు. అక్క కళ్ళజోడు పెట్టుకుని అడుగుదాకా చదివింది. బల్లి తోక దగ్గర ఆగింది.

"ఇది నీ సంతకమే."

"అవునక్కా. చూడకుండా పెట్టాను," అన్నారు మాస్టారు. "నువ్వైతే అలా కాదు. లెక్కల్లో నా మార్కులు చూసి కూడా ఒక్క మాటనకుండా సంతకం పెట్టావు. ఆ రోజు నువ్వు అలా ఊరుకోబట్టే నేను మనిషినయ్యాను. అలాంటి నీ దగ్గర ఇవాళ..."

"ఏ మార్కులు?"

"అదే, పదమూడో ఏట. కంచం పక్కన ప్రోగ్రెస్ కార్డు."

అక్క కళ్ళజోడు తీసింది. చాలాసేపు గుర్తుచేసుకుంది. "ఒరేయ్, ఆ రోజుల్లో వరుసగా రెండు డ్యూటీలు చేసొచ్చేదాన్ని. కళ్ళు మూతలు పడుతుండేవి. నువ్వేం పెడితే దాని మీద సంతకం పెట్టేశాను. ఒక్క కార్డూ చూసిన పాపాన పోలేదు."

మాస్టారి నోరు తెరుచుకుంది. ముసలమ్మలాగా ఎవరూ కుట్టలేదు గనక అలాగే ఉండిపోయింది. తుపానుకు తట్టుకున్నారు, ఇనుప కుట్టుకు తట్టుకున్నారు, తన సంతకానికే తట్టుకున్నారు. ముప్పైతొమ్మిదేళ్ళుగా తన బతుకంతా దేని మీద సర్దారో, ఆ అడుగు చెక్కే అక్కడ లేదు.

"ఏం, ఎన్నొచ్చాయేంటి?" అంది అక్క.

వరుసలో ఎవరో గ్లాసు అందించారు. మాస్టారు తాగలేదు.

"పదకొండు."

"ఇరవై అయిదుకా?"

"నూటికి."

"పదకొండా!" అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. రోగులంతా తిరిగి చూశారు. "నూటికి పదకొండా! నేనక్కడ రెండు డ్యూటీలు చేసి నీకు ఫీజులు కడుతుంటే, సిగ్గులేని వెధవా, నూటికి పదకొండు తెచ్చి, పైగా కంచం పక్కన పెట్టి, నా చేతే సంతకం పెట్టించుకుంటావా! అందుకే తలుపేదో గోడేదో తెలియకుండా పోయింది!"

ముప్పైతొమ్మిదేళ్ళ కిందట దిగవలసిన చీవాట్లు, దారి దొరికిన సరుకులాగా, ఆ సాయంత్రం ఊరందరి ఎదుటా ఒకదాని వెనక ఒకటి దిగసాగాయి. మాస్టారు తల వంచుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒక్కటి కూడా జారిపోకుండా విన్నారు.